రశీదు లేని యుద్ధం, పొరుగువారికి బాకీ

పహల్గాంలో 2025 ఏప్రిల్ 22న ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్న కొద్ది రోజులకే పాకిస్థాన్ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్ ఒక బ్రిటిష్ వార్తా ఛానల్‌తో మాట్లాడుతూ ఒక నిజం ఒప్పుకున్నారు. ఉగ్రవాద ముఠాలను సాకిన చరిత్ర పాకిస్థాన్‌కు ఉన్నదా అన్న ప్రశ్నకు, దాదాపు మూడు దశాబ్దాలుగా అమెరికా కోసం, బ్రిటన్‌తో సహా పశ్చిమ దేశాల కోసం తాము ఈ పాడు పని చేస్తూ వచ్చామని ఆయన బదులిచ్చారు. అది పొరపాటనీ, దాని ఫలితం తామే అనుభవించామనీ కూడా చెప్పారు. న్యూఢిల్లీ ఈ మాటను నేరాంగీకారంగా స్వీకరించి ఐక్యరాజ్యసమితి వేదిక మీద వినిపించింది. ఆ వాక్యంలో ప్రస్తావనకు వచ్చిన మిగతా దేశాల సంగతి పట్టించుకున్నవారు తక్కువ.

నేరస్తుడు తన నేరంలో వాటాదారులను బయటపెట్టినంత మాత్రాన నిర్దోషి కాజాలడు. అట్లని అతడు చెప్పిన వాటాదారుల పేర్లన్నీ అబద్ధమని కొట్టివేయడమూ కుదరదు. ఆసిఫ్ వాంగ్మూలంలో సగం నిజం ఉంది. ఆ సగమేదో, మరుగున పడిన సగమేదో తేల్చుకోవడానికి పెద్ద పెద్ద సిద్ధాంతాల కంటే ఒక కొండలోయ చరిత్ర ఎక్కువగా ఉపకరిస్తుంది.

అఫ్ఘానిస్థాన్ తూర్పున ఖోస్త్ రాష్ట్రంలో, పాకిస్థాన్ సరిహద్దుకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో జవార్ అనే స్థలం ఉంది. సరిహద్దు దాటితే పాకిస్థాన్ గిరిజన ప్రాంతంలోని మీరాన్ షా పట్టణం. సోవియట్ సేనలతో పోరు సాగిన 1980 దశకంలో ముజాహిదీన్లు ఆ కొండ చరియలను తొలిచి సొరంగాలు నిర్మించుకున్నారు. ఒకదానిలో ఆయుధాల గిడ్డంగి, మరొకదానిలో మసీదు, ఇంకొకదానిలో వైద్యశాల. వాహనాలు బాగుచేసే కర్మశాల, వచ్చేపోయే వారికి బస కూడా అక్కడే. 1986 ఏప్రిల్‌లో సోవియట్, అఫ్ఘాన్ ప్రభుత్వ సేనలు పెద్ద ఎత్తున దాడి చేసి ఆ స్థావరాన్ని పట్టుకున్నా, కొద్ది గంటలు మాత్రమే నిలిచి, చేతనైనంత ధ్వంసం చేసి వెనుదిరిగాయి. ముజాహిదీన్లు తిరిగి వచ్చి సొరంగాలను మరింత లోతుగా తవ్వుకున్నారు.

ఆ స్థావరానికి అధిపతి జలాలుద్దీన్ హక్కానీ. పాకిస్థాన్ గూఢచారి సంస్థ ఐ.ఎస్.ఐ. ద్వారా అందే వాటాకు తోడు, అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. నుంచి నేరుగా నగదు అందుకున్న అతి కొద్ది మంది కమాండర్లలో ఆయన ఒకరని ఆ యుద్ధ చరిత్ర రాసినవారు చెబుతారు. ముజాహిదీన్లకు నిధులు మంజూరు చేయించడంలో అందరికంటే ముందు నిలిచిన టెక్సాస్ ప్రతినిధుల సభ సభ్యుడు చార్లీ విల్సన్ ఈ హక్కానీని మంచితనానికి మారురూపమని మెచ్చుకున్నట్లు ప్రతీతి. ఈ పేరును, ఈ సొరంగాలను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. రాబోయే నలభై ఏళ్ళలో అవి మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి.

మొదటి తప్పు ఎవరిదన్న విషయంలో దాపరికం అనవసరం. 1979 డిసెంబరు చివరి వారంలో సోవియట్ యూనియన్ అఫ్ఘానిస్థాన్‌లోకి సేనలను దింపింది. తమకు నచ్చని పాలకుడిని చంపి, నచ్చినవాడిని గద్దె మీద కూర్చోబెట్టింది. తొమ్మిదేళ్ళ యుద్ధంలో సుమారు పది లక్షల మంది అఫ్ఘాన్లు మరణించారని అంచనా. యాభై లక్షలకు పైగా పాకిస్థాన్, ఇరాన్‌లకు శరణార్థులుగా తరలిపోయారు. మాస్కోతో స్నేహం కారణంగా భారతదేశం ఈ దురాక్రమణను బహిరంగంగా ఖండించలేకపోయింది. ఆ మౌనం అఫ్ఘాన్ ప్రజల దృష్టిలో మన ప్రతిష్ఠకు మేలు చేయలేదు.

కాగా, అమెరికా కేవలం ఆ దురాక్రమణకు స్పందించి రంగంలోకి దిగిందన్న వాదన పూర్తి సత్యం కాదు. సోవియట్ సేనలు కాబూల్ చేరడానికి దాదాపు ఆరు నెలల ముందే, 1979 జూలై 3న, తిరుగుబాటుదారులకు రహస్య సహాయం అందించే ఉత్తర్వుపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. ఆ సహాయం స్వల్పమే. ఆయుధాలు కూడా కావు. ఐదు లక్షల డాలర్లకు కాస్త పైచిలుకు. అయినా తలుపు అప్పుడే తెరుచుకుంది. కార్టర్‌కు జాతీయ భద్రతా సలహాదారుగా పనిచేసిన బ్రెజిన్‌స్కీని 1998లో ఒక ఫ్రెంచి వారపత్రిక, దీనికి పశ్చాత్తాపపడుతున్నారా అని అడిగింది. ప్రపంచ చరిత్రలో తాలిబన్లు ముఖ్యమా, సోవియట్ సామ్రాజ్య పతనం ముఖ్యమా అన్న ఎదురు ప్రశ్నే ఆయన సమాధానమైనట్లు ఆ పత్రిక అచ్చువేసింది. వార్సాలోనో, ప్రాగ్‌లోనో నిలబడి చూస్తే ఆ లెక్క సరిగానే కనిపించవచ్చు. కాబూల్‌లో, పెషావర్‌లో, శ్రీనగర్‌లో నిలబడి చూసినవారికి ఆ లెక్క సరిపోలేదు. ఆ ప్రశ్న వేసేవారు ఆ ఊళ్ళ జనాన్ని సంప్రదించిందీ లేదు.

అయితే నిజమైన కీడు డబ్బులో కంటే ఆ డబ్బు ప్రయాణించిన దారిలో ఉంది. అమెరికా ఈ యుద్ధంలో ఉన్నదన్న సాక్ష్యం దొరకరాదు. కనుక తొలి ఏళ్ళలో అమెరికా ముద్ర ఉన్న ఆయుధం ఒక్కటీ పంపరాదని నిర్ణయించారు. సోవియట్ నమూనా తుపాకులు ఈజిప్టులో, చైనాలో కొన్నారు. పాత .303 రైఫిళ్ళు ఎక్కడెక్కడో పోగుచేశారు. వాటిలో కొన్ని భారతదేశం నుంచే వెళ్ళాయన్న మాట కూడా ఆ యుద్ధ చరిత్రల్లో కనిపిస్తుంది! సరుకు కరాచీ రేవులో దిగేది. అక్కడితో సి.ఐ.ఎ. పని సరి. రేవు నుంచి రావల్పిండి వద్ద ఉన్న ఒఝ్రీ గిడ్డంగికి, అక్కడి నుంచి పెషావర్, క్వెట్టాలకు, ఆపై ముజాహిదీన్ పార్టీల చేతికి చేర్చడం ఐ.ఎస్.ఐ. వంతు. ఇది జనరల్ జియా ఉల్ హక్ పెట్టిన షరతు. అఫ్ఘాన్లతో బేరసారాలు, శిక్షణ, పంపకం అంతా తన మనుషుల ద్వారానే జరగాలన్నారు. వాషింగ్టన్ సంతోషంగా తల ఊపింది. అమెరికా సైనికుడు ఒక్కడు చనిపోకుండా, అమెరికా సంతకం ఒక్కటి కనబడకుండా సోవియట్ యూనియన్‌ను రక్తం కక్కించగల ఏర్పాటు అంతకంటే ఏముంటుంది?

1980లో ఏడాదికి సుమారు 3 కోట్ల డాలర్లతో మొదలైన ఈ పద్దు 1987 నాటికి 63 కోట్లకు పెరిగింది. అమెరికా ఇచ్చే ప్రతి డాలరుకు సౌదీ అరేబియా మరొక డాలరు జోడించింది. అంత సొమ్ముకు లెక్కాపత్రం అడిగినవారు లేరు. అడిగితే రహస్యం బయటపడుతుంది. రహస్యం నిలవాలంటే రశీదు ఉండరాదు. 1988 ఏప్రిల్ 10న ఒఝ్రీ గిడ్డంగి పేలిపోయి, రాకెట్లు రావల్పిండి, ఇస్లామాబాద్ ఇళ్ళ మీద వర్షంలా కురిసి ఎందరో పౌరులు దుర్మరణం పాలయ్యారు. అది ప్రమాదమా, విద్రోహమా, గిడ్డంగిలో లేని సరుకు లెక్కను మాపడానికి పెట్టిన నిప్పా అన్న అనుమానాలు ఆ దేశంలో దశాబ్దాల పాటు నలిగాయి. విచారణ జరిపించిన ప్రధాని జునేజోను జియా మే నెలాఖరులోనే ఇంటికి పంపారు. ఆగస్టులో విమాన ప్రమాదంలో జియా కూడా మరణించారు.

దళారి చేతికి త్రాసు అప్పగిస్తే అతడు ఎవరికి మొగ్గు చూపుతాడన్నది ముందే తెలియవలసిన సంగతి. 1983 నుంచి 1987 వరకు ఐ.ఎస్.ఐ. అఫ్ఘాన్ విభాగానికి అధిపతిగా ఉన్న బ్రిగేడియర్ మహమ్మద్ యూసఫ్ తరువాత రాసిన పుస్తకంలో పంపకాల వివరాలు ఇచ్చారు. పెషావర్‌లో గుర్తింపు పొందిన పార్టీలు ఏడు. 1987లో సరుకులో మూడింట రెండు వంతులు నాలుగు మతఛాందస పార్టీలకే దక్కింది. అందరికంటే పెద్ద వాటా, దాదాపు ఐదో వంతు, గుల్బుద్దీన్ హెక్మత్యార్‌ది. మితవాది అయిన ముజద్దిదీకి నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళు. యుద్ధరంగంలో బాగా పోరాడే వారికే ఎక్కువ ఇచ్చామని యూసఫ్ వాదన. కానీ ఆ పోరాట పటిమకు సగం కారణం ఎక్కువ ఇవ్వడమే కదా! పాకిస్థాన్‌కు కావలసింది పష్టూన్ జాతీయవాదం వినిపించని, డ్యూరాండ్ సరిహద్దు రేఖను ప్రశ్నించని అఫ్ఘానిస్థాన్. మతం పేరు చెప్పి జాతిని మరిపించే నాయకులే ఇస్లామాబాద్‌కు నచ్చారు. అమెరికాకు కావలసింది రష్యన్ శవాలు. ఈ రెండు కోరికలు కలిసిన చోట అఫ్ఘాన్ సమాజంలోని గిరిజన పెద్దలు, విద్యావంతులు, రాచరిక పక్షీయులు, ప్రజాస్వామికవాదులు అందరూ తుడిచిపెట్టుకుపోయారు. తుపాకీ ఉన్నవాడే నాయకుడయ్యాడు.

తుపాకులతో పాటు పుస్తకాలు కూడా వెళ్ళాయి. ఈ విషయం అంతగా ప్రచారం కాలేదు గానీ, తుపాకుల కంటే ఎక్కువ కాలం మన్నింది పుస్తకాలే. అమెరికా ప్రభుత్వ అభివృద్ధి సహాయ సంస్థ 1984 నుంచి 1994 వరకు నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఒమాహా కేంద్రానికి సుమారు 5 కోట్ల 10 లక్షల డాలర్లు ఇచ్చి అఫ్ఘాన్ విద్యా కార్యక్రమాలను నడిపించింది. ఆ డబ్బుతో పష్తో, దరీ భాషల్లో రూపొందిన పాఠ్యపుస్తకాలలో తుపాకులు, తూటాలు, మందుపాతరల బొమ్మలు ఉన్నాయి. పిల్లలు లెక్కలు నేర్చుకున్నది కూడా వాటితోనే. శరణార్థి శిబిరాల బడుల్లో పంచిన ఈ పుస్తకాలనే తరువాత తాలిబన్లు కూడా వాడుకున్నారు. వారికి అభ్యంతరమనిపించింది ఒక్కటే. మనుషుల ముఖాల బొమ్మలు ఉండరాదని వాటిని గీకివేశారు. తుపాకులను అలాగే ఉంచారు. అమెరికా పన్నుదారుల సొమ్ముతో అచ్చయిన ఈ పుస్తకాల కథను 2002లో అమెరికా పత్రికే వెలికితీసింది.

ఇక్కడొక అతిశయోక్తిని సరిదిద్దడం అవసరం. ఒసామా బిన్ లాడెన్‌ను సి.ఐ.ఎ. తయారుచేసిందని, అతడికి జీతం ఇచ్చిందని మన సభల్లో, వ్యాసాల్లో తరచు వినిపిస్తుంది. దానికి సాక్ష్యం లేదు. బిన్ లాడెన్‌కు సొంత డబ్బు ఉంది, గల్ఫ్ దేశాల చందాలు ఉన్నాయి, పెషావర్‌లో పాలస్తీనా మతపండితుడు అబ్దుల్లా అజ్జాం 1984లో తెరిచిన సేవా కార్యాలయం ఉంది. అరబ్ స్వచ్ఛంద యోధులు సోవియట్ యుద్ధంలో సాధించినది కూడా స్వల్పం. కానీ అబద్ధపు ఆరోపణను తీసివేసినంతలో నిజమైన ఆరోపణ తేలిక పడదు. సరిహద్దు పొడవునా శిక్షణ శిబిరాలు, ఆయుధాల బాటలు, అతిథి గృహాలు, హవాలా మార్గాలు, మతయుద్ధం చేయడం గౌరవప్రదమన్న వాతావరణం సిద్ధం చేసి ఉంచిన తరువాత, అందులోకి ఎవరు వచ్చి కాపురం పెట్టారన్నది యజమాని చేతిలో ఉండదు. బిన్ లాడెన్ అలా వచ్చిన అద్దెదారు.

1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళాలు సరిహద్దు నది దాటి వెళ్ళిపోయాయి. ఆ తరువాత జరిగినది అమెరికా విధానం అసలు రంగును బయటపెట్టింది. పాకిస్థాన్ వద్ద అణ్వస్త్రం లేదని అధ్యక్షుడు ఏటా ధ్రువీకరిస్తేనే సహాయం అందాలని అమెరికా కాంగ్రెస్ 1985లో ప్రెస్లర్ సవరణ ద్వారా షరతు విధించింది. యుద్ధం సాగినంత కాలం ఆ ధ్రువపత్రం నిరాటంకంగా అందింది. 1990 అక్టోబరులో ఆగిపోయింది. మధ్యలో కొత్తగా తెలిసిన రహస్యమేమీ లేదు. అవసరం తీరింది, అంతే. అమెరికా ఇచ్చిన స్టింగర్ క్షిపణులు రెండు వేలకు పైగా. వాటిలో మిగిలిపోయిన వందలాది క్షిపణులను తిరిగి కొనుక్కోవడానికి సి.ఐ.ఎ. 1990 దశకంలో డబ్బు సంచులతో తిరగవలసి వచ్చింది. కమాండర్లు ఉచితంగా పుచ్చుకున్న వస్తువును లక్ష డాలర్ల చొప్పున తిరిగి అమ్ముకున్నారు. 1996లో తాలిబన్లు కాబూల్ పట్టుకునే నాటికి దాదాపు 600 లెక్కకు రాలేదంటారు.

సోవియట్ యూనియన్ కూలిపోగా, నిధులు ఆగిపోయిన నజీబుల్లా ప్రభుత్వం 1992 ఏప్రిల్‌లో పడిపోయింది. పతనానికి కొద్ది వారాల ముందు ఆయన విదేశీ విలేఖరులతో, ఛాందసవాదులు గెలిస్తే ఈ దేశం ఉగ్రవాదానికి, మాదకద్రవ్యాల దొంగరవాణాకు కేంద్రమవుతుందని హెచ్చరించారు. గద్దె దిగబోతున్న నియంత భయపెడుతున్నాడని అందరూ కొట్టిపారేశారు. నజీబుల్లా స్వయంగా గూఢచారి పోలీసు శాఖను నడిపి ఎందరినో చిత్రహింసలు పెట్టించినవాడు. ఆయన నోట వచ్చినా ఆ మాట తప్పు కాలేదు. అందరికంటే పెద్ద వాటా పొందిన హెక్మత్యార్ అదే ఆయుధాలతో కాబూల్ మీద రాకెట్లు కురిపించాడు. సోవియట్ ఆక్రమణలో పెద్దగా చెక్కుచెదరని రాజధాని 1992 నుంచి 1996 మధ్య నేలమట్టమైంది. వేలాది పౌరులు మరణించారు. అప్పటికి వాషింగ్టన్ దృష్టి వేరే చోట ఉంది.

అమెరికా వెళ్ళిపోయినా కరాచీ నుంచి కొండల దాకా వేసిన దారి అలాగే ఉంది. శిక్షకులు, శిబిరాలు, అలవాటు పడిన యువకులు ఉన్నారు. ఐ.ఎస్.ఐ. ఆ దారిని తూర్పుకు తిప్పింది. కాశ్మీర్ లోయలో అసంతృప్తిని పాకిస్థాన్ సృష్టించలేదు. 1987 శాసనసభ ఎన్నికలలో జరిగిన అక్రమాలు, ఢిల్లీ పాలకుల అహంకారం దానికి ఇంధనమయ్యాయి. ఈ నిజాన్ని దాచిపెట్టి ఉగ్రవాదం గురించి మాట్లాడడం ఆత్మవంచన. కానీ ఆ అసంతృప్తి చేతికి కలాష్నికోవ్ అందించినది, స్థానిక తిరుగుబాటును మెల్లమెల్లగా విదేశీ ముఠాల మతయుద్ధంగా మార్చినది అఫ్ఘాన్ కార్ఖానాయే. అఫ్ఘాన్ యుద్ధంలో పుట్టిన హర్కత్ ముఠాలు 1993లో హర్కతుల్ అన్సార్‌గా ఏకమై కాశ్మీర్‌లో అడుగుపెట్టాయి. వాటి శిబిరాలు ఉన్నది ఖోస్త్‌లో, హక్కానీ నీడలో. 1999 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని కాందహార్‌కు మళ్ళించి ప్రయాణికులకు బదులుగా విడిపించుకున్న మసూద్ అజర్ ఈ హర్కత్ నాయకుడే. అతడు వెంటనే జైషే మహమ్మద్‌ను స్థాపించాడు. 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో 40 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లను బలిగొన్నది ఆ జైషేయే. ముంబాయిలో 2008 నవంబరులో 166 మందిని చంపిన లష్కరే తోయిబా కూడా అఫ్ఘాన్ యుద్ధం చివరి అంకంలో, కునార్ రాష్ట్రంలో కాళ్ళు నిలుపుకున్నదే.

న్యూఢిల్లీ ఈ శిబిరాల గురించి 1990 దశకమంతా మొత్తుకున్నది. దానిని భారత్-పాక్ తగాదాలో ఒక పక్షపు ఫిర్యాదుగానే పశ్చిమ దేశాలు పరిగణించాయి. 1995 జూలైలో కాశ్మీర్‌లో ఆరుగురు పాశ్చాత్య పర్యాటకులను అపహరించి, ఒక నార్వే యువకుడి తల నరికినప్పుడు కొంత కదలిక వచ్చింది. 1997లో హర్కతుల్ అన్సార్‌ను అమెరికా నిషిద్ధ జాబితాలో చేర్చింది. 1998 ఆగస్టు 7న కెన్యా, టాంజానియాలలోని అమెరికా రాయబార కార్యాలయాల మీద బాంబు దాడులలో 224 మంది మరణించాక గానీ అసలు కోపం రాలేదు. ఆగస్టు 20న అమెరికా యుద్ధనౌకలు డజన్ల కొద్దీ క్రూయిజ్ క్షిపణులు ప్రయోగించాయి. లక్ష్యం ఎక్కడ? ఖోస్త్‌లో, జవార్ వద్ద! ఒకప్పుడు తమ డబ్బుతో బలపడిన గుట్టలనే అమెరికా పేల్చింది. బిన్ లాడెన్ అక్కడ లేడు. చనిపోయిన వారిలో కాశ్మీర్‌కు వెళ్ళడానికి తర్ఫీదు పొందుతున్న హర్కత్ కుర్రాళ్ళు ఉన్నారు. శిబిరాలు ఎక్కడున్నాయో, అందులో ఎవరున్నారో భారతదేశం చెబుతూ వచ్చిన మాటకు అంతకంటే వేరే ధ్రువీకరణ అక్కరలేదు.

2001 సెప్టెంబరు 11 తరువాత జరిగినది మొదటి కథకు నకలు. మళ్ళీ అమెరికాకు అఫ్ఘానిస్థాన్ చేరడానికి దారి కావలసి వచ్చింది, మళ్ళీ ఆ దారి పాకిస్థాన్ గుండానే పోయింది, మళ్ళీ రావల్పిండి జనరళ్ళ చేతికే త్రాసు అందింది. పదిహేనేళ్ళలో 3,300 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి మోసపోయామని 2018 జనవరి 1న అధ్యక్షుడు ట్రంప్ స్వయంగా వాపోయారు. ఈసారి కనీసం శత్రువెవరో తెలుసుననుకున్నారు. 2002 జనవరిలో జవార్ సొరంగాలను అమెరికా విమానాలు రోజుల తరబడి తవ్వి పోశాయి. హక్కానీ మాత్రం సరిహద్దు దాటి మీరాన్ షా చేరుకున్నాడు. అక్కడ అతడి జోలికి పోయినవారు లేరు. వయసు మీద పడగా కుమారుడు సిరాజుద్దీన్ ముఠా పగ్గాలు అందుకున్నాడు.

2008 జూలై 7 ఉదయం కాబూల్‌లోని భారత రాయబార కార్యాలయం ద్వారం వద్ద బాంబులు నింపిన కారు పేలింది. 50 మందికి పైగా మరణించారు. వారిలో అధిక సంఖ్యాకులు వీసాల కోసం వచ్చిన, దారిన పోతున్న అఫ్ఘాన్ పౌరులు. భారత రక్షణ వ్యవహారాల అధికారి బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా, కౌన్సిలర్ వి. వెంకటేశ్వరరావు, ఇద్దరు భద్రతా జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఇది హక్కానీ ముఠా పని అనీ, ఐ.ఎస్.ఐ. అధికారుల చేయి ఉన్నదనీ అమెరికా గూఢచారి వర్గాలే నిర్ధారణకు వచ్చినట్లు కొద్ది వారాలకే ఆ దేశపు పత్రికలు రాశాయి. ఆ సమయంలో పాకిస్థాన్‌కు అమెరికా చెల్లింపులు ఆగలేదు. 2009 డిసెంబరు 30న ఆ ఖోస్త్‌లోనే సి.ఐ.ఎ. స్థావరంలో ఆత్మాహుతి దాడి జరిగి ఏడుగురు అమెరికన్లు మరణించారు. 2011 సెప్టెంబరులో కాబూల్‌లోని అమెరికా రాయబార కార్యాలయం మీదనే దాడి జరిగిన తరువాత గానీ, హక్కానీ ముఠా ఐ.ఎస్.ఐ.కి అక్షరాలా ఒక అంగమని అమెరికా సైన్యాధిపతి మైక్ ముల్లెన్ సెనేట్ ఎదుట చెప్పలేదు. కాబూల్‌లో భారతీయులు మరణించి అప్పటికి మూడేళ్ళు దాటింది.

పశ్చిమ దేశాల జోక్యం లేకపోతే ఉగ్రవాదమే ఉండేది కాదని వాదించడం అమాయకత్వం. మతం పేరిట చంపడానికి, చావడానికి సిద్ధపడే భావజాలానికి దాని సొంత మూలాలు, సొంత పోషకులు ఉన్నారు. పాకిస్థాన్ సైన్యం ఎవరి బలవంతమూ లేకుండానే లష్కర్‌ను, జైషేను ముప్పై ఏళ్ళు సాకింది. ఆసిఫ్ మాటల్లో మరుగున పడిన సగం ఇదే. పాడుపని ఇతరుల కోసం చేశామన్నారు గానీ, ఇతరులు డబ్బు ఆపిన 1990 తరువాతే కాశ్మీర్‌లో ఆ పని ముమ్మరమైందన్న సంగతి చెప్పలేదు. 2014 డిసెంబరు 16న పెషావర్ సైనిక పాఠశాలలో 130 మందికి పైగా పిల్లలను తాలిబన్లు కాల్చి చంపిన నాడు ఆ దేశం కార్చిన కన్నీరు నిజమైనదే. అయినా ముఠాలలో మంచివి, చెడ్డవి అన్న విభజన రావల్పిండిలో కొనసాగింది.

పరాయి తిరుగుబాటుకు ఆయుధం ఇచ్చే పనిలో పశ్చిమ దేశాలకే గుత్తాధిపత్యం ఉందనుకోవడం కూడా పొరపాటే. 1983 తరువాత శ్రీలంక తమిళ మిలిటెంట్లకు భారత గడ్డ మీద శిక్షణ దొరికింది. 1987లో వెళ్ళిన భారత శాంతి పరిరక్షక దళం వారితోనే పోరాడి వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని పొట్టన పెట్టుకున్నది ఆ పులులే. తేడా ఏమంటే, ఢిల్లీ తాను చేసిన తప్పుకు తన రక్తమే చెల్లించింది. వాషింగ్టన్ తన తప్పుకు కొంత చెల్లించింది, ఎక్కువ భాగం ఇతరుల ఖాతాలో రాసింది. ఇరాక్‌లో 2003లో ప్రభుత్వాన్ని, సైన్యాన్ని రద్దు చేసిన చోట ఐసిస్ పుట్టుకొచ్చింది. లిబియాలో 2011లో గడాఫీని కూల్చాక అక్కడి ఆయుధాలు సహారా ఎడారి దాటి మాలీని తగులబెట్టాయి. ఆ రెండు దేశాలలోనూ పొరుగువారే బాకీ కట్టారు.

2021 ఆగస్టులో అమెరికా కాబూల్ విడిచిపోయినప్పుడు, అఫ్ఘాన్ సైన్యానికి తాను ఇచ్చిన వాటిలో సుమారు 700 కోట్ల డాలర్ల సామగ్రి అక్కడే మిగిలిపోయినట్లు ఆ దేశ రక్షణశాఖే తరువాత లెక్క తేల్చింది. అమెరికన్ ఎం-4 రైఫిళ్ళు పాకిస్థాన్ తాలిబన్ల చేతుల్లో కనిపించాయి, కాశ్మీర్ ఎదురుకాల్పులలోనూ పట్టుబడ్డాయి. 1980లలో ముద్ర కనబడరాదని ఈజిప్టు తుపాకులు కొన్నారు. ఇప్పుడు ముద్ర దాచవలసిన అవసరం కూడా ఎవరికీ తోచలేదు.

పహల్గాం తరువాత రెండు నెలలు తిరగక ముందే, 2025 జూన్ 18న, పాకిస్థాన్ సైన్యాధిపతి ఆసిమ్ మునీర్‌కు వైట్ హౌస్‌లో విందు జరిగింది. అంతకు ముందే, మార్చిలో, సిరాజుద్దీన్ హక్కానీ తల మీద ప్రకటించిన కోటి డాలర్ల బహుమతిని అమెరికా ఉపసంహరించుకుంది. అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ఢిల్లీ వచ్చినప్పుడు, కాబూల్‌లోని తన సాంకేతిక బృంద కార్యాలయాన్ని పూర్తి స్థాయి రాయబార కార్యాలయంగా మారుస్తున్నట్లు భారతదేశం ప్రకటించింది. పొరుగుదేశాన్ని ఎంచుకునే సౌకర్యం ఎవరికీ లేదు కనుక ఈ నిర్ణయాన్ని తప్పు పట్టలేము. ఆ ప్రకటన వెలువడిన నాటికి కాబూల్ వీధుల కాపలా చూసే అఫ్ఘాన్ హోంశాఖకు మంత్రి సిరాజుద్దీన్ హక్కానీ. మెహతా, వెంకటేశ్వరరావు మరణించిన ద్వారం వెలుపల పహరా కాయవలసింది అతడి మనుషులే.